సిరొంచ రేవుకు సరుకెందుకు రాలేదు

కాళేశ్వరం ముందర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. నీళ్లకు అవతల కనిపించే ఊరు సిరొంచ. ఇవాళ అది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసన ఉన్న తాలూకా కేంద్రం. ఇళ్లలో తెలుగు, ఆఫీసుల్లో మరాఠీ. 1860ల్లో మాత్రం ఈ ఊరే ఒక జిల్లాకు కేంద్రం. ఆ జిల్లాకు పెట్టిన పేరు అప్పర్ గోదావరి. నాగపూర్, వార్ధా ప్రాంతాల పత్తి పడవల మీద ఇక్కడిదాకా దిగివస్తుందనీ, ఇక్కడి నుంచి భద్రాచలం, రాజమండ్రి మీదుగా కాకినాడ చేరి ఓడెక్కుతుందనీ అప్పట్లో లెక్కలు వేశారు. ఇంజనీర్లు దిగారు, నదిలో బండలు పగలగొట్టారు, ఆనకట్టలూ లాకులూ మొదలుపెట్టారు. పదేళ్లు తిరిగేసరికి మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. ఉత్తర తెలంగాణ గడపలోకి ఒక పెద్ద నదీ రేవు వచ్చినట్టే వచ్చి వెనక్కి మళ్లింది. ఎందుకు మళ్లిందని అడిగితే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఎండాకాలం గోదావరిలో నీళ్లుండవన్నది ఒకటి, ఈలోగా రైలు వచ్చేసిందన్నది రెండోది. రెండూ నిజమే. కానీ ఆ రెండింటినీ కలిపినా జవాబు పూర్తి కాదు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మధ్య పారే గోదావరి మీద వ్యాపారం ఎప్పుడూ ఒడ్డు నుంచి ఒడ్డుకు, అడ్డంగా సాగింది. ఆ పథకం దాన్ని నిలువునా నడపాలని చూసింది, అదే సమయంలో అడ్డంగా సాగేదాన్ని సరిహద్దు గీసి తెంచింది. రేవు చచ్చింది ఈ రెండు పనుల మధ్య నలిగి.

పథకం పుట్టుక నుంచి చూద్దాం. 1853లో నిజాం చేతిలోని బీరారు కుంఫిణీ వారి ఆధీనంలోకి పోయింది. మరుసటి ఏడు వారసుడు లేడన్న సాకుతో నాగపూర్ రాజ్యాన్ని కలిపేసుకున్నారు. దేశంలో మేలైన పత్తి పండే నల్లరేగడిలో పెద్ద భాగం ఒక్కసారిగా ఇంగ్లీషు వారి చేతికొచ్చింది. హింగన్‌ఘాట్ పత్తికి అప్పటికే పేరుంది. చిక్కల్లా దాన్ని సముద్రానికి చేర్చడం దగ్గరే. బొంబాయికి ఎడ్ల మీద పంపితే నెలలు పట్టేది, దారిలో దుమ్మూ వానా తిని సరుకు సగం చెడేది. సరిగ్గా అదే కాలంలో, 1852 నాటికి, ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. గోదావరి పైకొసలు వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగల రూపంలో పత్తి చేల నడుమ నుంచే వస్తున్నాయని పటం చూసిన ఎవరికైనా తెలుస్తుంది. కాటన్‌కు నీటి దారి మీద ఉన్నది మామూలు ఇష్టం కాదు, మతం లాంటి నమ్మకం. రైలు కన్నా కాలువ చవకని జీవితాంతం వాదించిన మనిషి ఆయన. నది మధ్యలో మూడు చోట్ల రాతి అడ్డంకులున్నాయి: భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం మొదటిది, ఇంద్రావతి కలిసిన తర్వాత మహదేవపూర్ అడవుల అంచున ఇచ్చంపల్లి రెండోది, ప్రాణహిత మీద అహేరి వైపు దేవలమర్రి మూడోది. ఒక్కో అడ్డంకి దగ్గర ఆనకట్ట కట్టి, పక్కనుంచి లాకుల కాలువ తవ్వి పడవల్ని దాటించాలన్నది ఆలోచన. పని భారం కెప్టెన్ ఎఫ్.టి. హేగ్ మీద పడింది. దుమ్ముగూడెం దగ్గర పని చాలా వరకు అయింది, ఇప్పటికీ చూడొచ్చు. ఇచ్చంపల్లిలో మొదలైన కట్టడం మధ్యలో ఆగింది.

ఆ తర్వాత 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. దక్షిణ రాష్ట్రాల రేవులను ఉత్తరాది నౌకలు దిగ్బంధించడంతో లాంకషైర్ మిల్లులకు పత్తి ఆగిపోయింది, లక్షల మంది కూలీలు వీధిన పడ్డారు. మాంచెస్టర్ వ్యాపారుల కళ్లు భారతదేశం మీద పడ్డాయి. మధ్య పరగణాలకు చీఫ్ కమిషనర్‌గా వచ్చిన రిచర్డ్ టెంపుల్ గోదావరి పథకాన్ని గట్టిగా వెనకేసుకొచ్చాడు. అంతకు ముందే, 1860 డిసెంబరులో, నిజాంతో కొత్త ఒడంబడిక కుదిరింది. సిపాయిల తిరుగుబాటు కాలంలో పక్షం మారనందుకు రాయచూరు, నల్‌దుర్గం జిల్లాలను నిజాంకు తిరిగిచ్చారు, యాభై లక్షల రూపాయల బాకీ కొట్టేశారు. బదులుగా గోదావరి, ప్రాణహితల ఎడమ ఒడ్డున ఉన్న తాలూకాలను తీసుకున్నారు. సిరొంచ, నూగూరు, ఆల్బాక, చెర్ల, భద్రాచలం, రేకపల్లి అలా చేతులు మారాయి. ఆ ఒడంబడికలో మరో షరతుంది: రెండు రాజ్యాల మధ్య హద్దుగా ఉన్నంత మేరా ఈ నదుల మీద రాకపోకలు స్వేచ్ఛగా సాగాలి, సరుకు మీద ఎవరూ సుంకం వేయకూడదు. అంటే ఒక నదీ రేవుకు కావలసిన రాజకీయ సరంజామా అంతా కాగితం మీద సిద్ధమైంది. ఒడ్డు చేతికొచ్చింది, నీటి దారి సుంకం లేనిదైంది, జిల్లా ఏర్పడింది, డిప్యూటీ కమిషనర్ గ్లాస్‌ఫర్డ్ సిరొంచలో కూర్చున్నాడు. ఆయన పేరు మీద ఆ చుట్టుపక్కల గ్లాస్‌ఫర్డ్‌పేట అన్న ఊరొకటి ఇప్పటికీ ఉంది.

కూలిపోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1865లో అమెరికా యుద్ధం ముగిసింది, పత్తి ధర పడిపోయింది. 1867లో బొంబాయి నుంచి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలు నాగపూర్ చేరింది. 1869 నవంబరులో సూయజ్ కాలువ తెరుచుకుంది. ఈ మూడో దెబ్బ గురించి గోదావరి కథ చెప్పేవాళ్లు తక్కువ మాట్లాడతారు, కానీ బహుశా అదే అన్నిటికన్నా పెద్దది. ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లినన్నాళ్లూ బొంబాయికీ కాకినాడకూ దూరంలో తేడా భరించదగినదే. సూయజ్ తెరుచుకోగానే ఐరోపాకు భారతదేశపు వాకిలి పడమటి తీరానికి మారింది. కాకినాడలో ఎక్కిన పత్తి సింహళం చుట్టి రావలసిందే. హింగన్‌ఘాట్‌కు కూడా 1870ల్లోనే వార్ధా నుంచి రైలు పడింది. అప్పటికే, 1871 అక్టోబరులో, పెట్టుబడికి తగ్గ రాబడి రాదని చెప్పి గోదావరి పనులు ఆపేశారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాకు ఇచ్చారు. సిరొంచ చివరకు చాందా జిల్లాలో ఒక తాలూకాగా మిగిలింది.

ఇంతవరకు కథ రైలు, సూయజ్, నీళ్లు అన్న మూడు ముక్కలతో సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఒక ప్రశ్న మిగులుతుంది. నాగపూర్ పత్తి పోతే పోయింది, సిరొంచ రేవుకు ఇంకే సరుకూ లేకపోయిందా? ఒక రేవు తన చుట్టూ ఉన్న పల్లెల సరుకు మీద నిలబడితే దూరదేశపు సరుకు దారి మళ్లినా బతుకుతుంది, కాస్త చిక్కుతుంది అంతే. ఈ రేవుకు వేసిన లెక్కల్లో మాత్రం చుట్టుపక్కల పల్లెలు పెద్దగా లేవు. కింది నుంచి పైకి ఉప్పు, పైనుంచి కిందికి పత్తి. రెండు కొసల మధ్య ఉన్న మంథని, మహదేవపూర్, చెన్నూరు, అహేరిల అవసరం ఎక్కడా లేదు. మహదేవపూర్ దసలి పట్టుకు, అడవి లక్కకు, ఇప్ప పువ్వుకు, ఒడ్డు పల్లెల వరికి కొత్త రేవు వల్ల ఏ సంత దగ్గరవుతుందో ఎవరూ అడగలేదు. నది ఇక్కడ దాటి వెళ్లవలసిన దూరం మాత్రమే, మజిలీ కాదు. అలాంటి రేవుకు సరుకు వేరే దారి పట్టిన రోజే ఆఖరు రోజు.

ఇదే నది, ఇదే ఇంజనీరు, ఇవే లాకులు కింద డెల్టాలో ఏం చేశాయో చూస్తే తేడా తెలుస్తుంది. ధవళేశ్వరం నుంచి బయల్దేరిన కాలువల మీద పడవల రవాణా ఇరవయ్యో శతాబ్దం దాకా సాగింది. అక్కడికీ రైలు వచ్చింది. 1890ల్లోనే మద్రాసు, కలకత్తాల మధ్య దారి గోదావరి జిల్లా మీదుగా పడింది. అయినా పడవ వెంటనే చావలేదు. కాలువ గట్టు మీద ప్రతి ఊరూ వడ్లు పండించింది, ప్రతి ఊరికీ ఉప్పూ కొబ్బరీ కలపా కావాలి. కాలువ పొలానికి నీరిచ్చింది, పొలం పడవకు సరుకిచ్చింది. నిజమే, కాలువ నీరు నిలకడైనది, ఎగువ గోదావరి వరద నది. రెంటినీ ఒక త్రాసులో వేయడం పూర్తిగా న్యాయం కాదు. కానీ ఆ తేడా పడవ ఎన్ని నెలలు నడుస్తుందో చెబుతుంది. ఏ సరుకు ఎక్కుతుందో చెప్పదు. ఎగువన లాకులు కట్టారు గానీ, కట్టిన చోటి పొలానికి నీళ్లివ్వాలన్నది ఆ పథకపు ఆయువుపట్టు కాలేదు. కాటన్ డెల్టాలో రైతును చూశాడు, మన వైపు మాత్రం మిల్లును చూశాడు. తూర్పు గోదావరిలో పూజలందుకున్న మనిషి గురించి ఈ మాట కటువుగా వినిపిస్తుందని తెలుసు. అయినా రెండు పథకాల ఆనవాళ్లు ఒకే నది మీద ఉన్నాయి, ఎవరైనా పోల్చుకోవచ్చు.

ఇక ఈ పట్టీలో వ్యాపారం అడ్డంగా సాగిందనడానికి ఆధారం ఏమిటంటారా. దానికి రెండు వేల ఏళ్లు వెనక్కి పోవాలి. జగిత్యాల వైపు గోదావరి ఒడ్డున, పెద్దవాగు కలిసే చోట కోటిలింగాల ఉంది. శాతవాహనుల తొలి నాణేలు, చిముకుని పేరున్నవీ, అంతకు ముందు ఏలిన గోబద, సమగోప వంటి రాజుల పేర్లున్నవీ ఇక్కడ బయటపడ్డాయి. ఊరి స్థానం గమనించాలి: వాగు నదిలో కలిసే చోట, దక్షిణం నుంచి వచ్చే నేలదారి నదిని అందుకునే చోట. దీనితో పాటు వృద్ధి చెందిన పెద్దబొంకూరు, ధూళికట్ట అసలు గోదావరి ఒడ్డునే లేవు. అవి లోపల హుస్సేనీవాగు పక్కన ఉన్నాయి. పెద్దబొంకూరులో వేల సంఖ్యలో శాతవాహన నాణేలు, కమ్మరి పని ఆనవాళ్లు, రోమన్ నాణేలు దొరికాయి. ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉంది. అంత డబ్బు మారిన ఊళ్లు నది మీద వచ్చే సరుకు కోసం ఒడ్డున బారులు తీరలేదు. గోదావరి తీరాన ఆశ్రమం కట్టుకున్న బావరి కథ పాళీ సుత్తనిపాతంలో వస్తుంది. ఆ చోటు ఖానాపూర్ దగ్గరి బాదనకుర్తి ద్వీపమని మన చరిత్రకారుల్లో పలువురు అంటారు. బావరి శిష్యులు బుద్ధుణ్ని చూడటానికి బయల్దేరి ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని మీదుగా ఉత్తరానికి పోతారు. ప్రతిష్ఠానం ఇదే గోదావరి మీద ఎగువన ఉంది, అయినా ఆ దారి చెప్పిన చోట వరసగా వచ్చేవి ఊళ్ల పేర్లే, నది మీద ప్రయాణం కాదు. దక్షిణాపథమన్న ఆ దారి నదిని దాటింది, నది వెంట ఈదలేదు.

తర్వాతి శతాబ్దాల సరుకు కూడా అదే చెబుతుంది. కోనసముద్రం ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు అంత దూరం వచ్చి ఊళ్లో మకాం వేసేవారని 1820ల్లో అక్కడికి వెళ్లిన హెన్రీ వాయిసీ రాశాడు. నిర్మల్ చుట్టుపక్కల ఇనుము కరిగించిన కొలిములు లెక్కకు మిక్కిలి. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ ఉక్కు ఓడెక్కింది బందరు రేవులో. ఉక్కు బరువైన సరుకు. నది మీద దించగలిగితే దించేవారే, గోదావరి పక్కనే ఉంది. అయినా దానికి ఎడ్ల వీపులే దిక్కయ్యాయి. వేల ఎడ్ల మందలతో తీరం నుంచి ఉప్పు తెచ్చి, తిరుగు ప్రయాణంలో ధాన్యమూ పత్తీ పట్టుకుపోయిన లంబాడాలు ఈ ప్రాంతపు అసలు రవాణా సంస్థ. వాళ్లకు నది కావలసింది దాటడానికి. ఎండాకాలం నీళ్లు తగ్గితే అదే వాళ్లకు వ్యాపార కాలం. పడవకు శత్రువైన వేసవి ఎద్దుకు స్నేహితుడు. ధర్మపురి, మంథని, చెన్నూరు, కాళేశ్వరం వంటి ఊళ్ల ఎదుగుదలలో క్షేత్ర మహిమతో పాటు ఈ దాటు చోట్ల పాలు కూడా ఉంది. పుష్కరాలకు జనం వచ్చే తావులూ, సంత సరుకు దాటే తావులూ చాలావరకు ఒకటే. బెస్తల నాటు పడవలు ఏడాది పొడుగునా పనిచేసింది ఆ వెడల్పులోనే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం కుదరదు. గోదావరి నిలువునా సరుకు మోసింది, అదీ పెద్దఎత్తున మోసింది: టేకు. అహేరి, సిరొంచ అడవుల్లో కొట్టిన దుంగలను తెప్పలుగా కట్టి వరద కాలంలో వదిలితే రాజమండ్రి దాకా వెళ్లేవి. రాజమండ్రి కలప అడితీలు, కోరంగిలో ఓడలు కట్టిన పనివాళ్లు ఈ దుంగల మీద బతికారు. మరి నిలువు వ్యాపారం లేదనడం ఎలా? లేదనడం లేదు. ఎలాంటిదో చూడమంటున్నాను. కలప తానే తన పడవ. దానికి రేవు అక్కర్లేదు, గోదాము అక్కర్లేదు, తిరుగు ప్రయాణం అసలే లేదు. తెప్ప నడిపిన వాళ్లు దుంగలు అప్పగించి నడిచి వెనక్కి వచ్చేవారు. అడవిలో కొట్టిన కూలి, తెప్ప నడిపిన కూలి మాత్రం ఇక్కడ మిగిలాయి. కోత, అమ్మకం, లాభం అంతా కింద. ఎగువన దానివల్ల ఒక్క పట్నం లేవలేదు. వందేళ్లకు పైగా సాగినా ఏ రేవునూ పుట్టించని వ్యాపారం, రేవు పుట్టడానికి సరుకు నీటి మీద పారితే చాలదని చెప్పే సాక్ష్యమే.

అడ్డం వ్యాపారానికి 1860 ఒడంబడిక ఏం చేసిందన్నది ఈ వాదంలో కీలకం. నది వెంట సరుకుకు సుంకం లేదు. కానీ నది ఇప్పుడు రెండు రాజ్యాల సరిహద్దు. నిన్నటిదాకా సిరొంచ, మహదేవపూర్ రెండూ నిజాం ఊళ్లే. పడవ దాటితే పక్క ఊరు. ఇప్పుడు పడవ దాటితే పరాయి సర్కారు. నిజాం రాజ్యం తన సరిహద్దుల్లో కరోడ్‌గిరి అనే సుంకం వసూలు చేసేది. వచ్చే సరుకు మీదా పోయే సరుకు మీదా నూటికి ఐదు మామూలు రేటు. అంటే వార్ధా పత్తి మన ఒడ్డును ఒరుసుకుంటూ సుంకం లేకుండా సముద్రానికి పోవచ్చు. మంథని వడ్లు సిరొంచ సంతకు పోవాలంటే నాకా దగ్గర నిలబడాలి. మనకు దొరికిన స్వేచ్ఛ మన దగ్గర లేని సరుకుకు దొరికింది. సిరొంచ వెనకాల ఉన్నది అహేరి, బస్తర్ అడవులు. జనం పల్చన, పండేది తక్కువ. దానికి తిండి పెట్టగల పల్లెలు కుడి ఒడ్డున మంథని, మహదేవపూర్ వైపు, ప్రాణహితకు పడమట చెన్నూరు వైపు ఉన్నాయి. ఆ పల్లెలనే దానికి పరాయివి చేశాక, జిల్లా కేంద్రమన్న హోదా, కచేరీ, బంగళా కలిపి ఎంత కాలం నిలబెడతాయి? ఈ సరిహద్దు రేఖను గీసింది పత్తి పడవల కోసమన్నది గుర్తుంటే, రేవు కోసం చేసిన పనే రేవును ఎండగట్టిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

నీటి సంగతి, రైలు సంగతి వదిలేశానని అనుకోకండి. గోదావరిలో ఏడాది నీటిలో చాలా భాగం జూన్, అక్టోబరు నెలల మధ్యనే వస్తుంది. పై ఆనకట్టలు అన్నీ కట్టినా వేసవిలో బరువు పడవలు నడవడం కష్టమే అయ్యేది. ఇందులో కాటన్ ఆశ అతిగా ఉంది. రైలు గెలుపు సంగతి వేరు. ఆ పోటీ సమానుల మధ్య జరగలేదు. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా కంపెనీ వాటాదారులకు నూటికి ఐదు వడ్డీ వస్తుందని సర్కారు హామీ ఇచ్చింది, నష్టం వస్తే రైతు పన్నుల నుంచి పూడ్చింది. గోదావరి పనులు మాత్రం తామే రాబడి చూపించాలి, చూపించలేకపోతే మూత. 1878లో పార్లమెంటు కమిటీ ముందు కాటన్ రైలుకు ఎదురు నిలిచి నీటి దారి పక్షాన వాదించాడు, ఆ కోపంలో న్యాయముంది. కానీ రెండు దారులకూ ఒకే రకం హామీ ఇచ్చి ఉంటే సిరొంచ బతికేదా అంటే, నా అంచనా బతికేది కాదనే. ఇంకో ఇరవై ఏళ్లు ఆలస్యంగా చచ్చేది. సూయజ్ తర్వాత నాగపూర్ పత్తికి తూర్పు తీరంతో పని లేదు, తూర్పు తీరం కావాలనుకున్న మన సరుకును ఎవరూ పిలవలేదు.

ఈ వాదం సరైనదో కాదో తేల్చడానికి చరిత్ర మరో పరీక్ష పెట్టింది. 1929లో కాజీపేట, బల్హార్షాల మధ్య రైలు మార్గం పూర్తయింది. మద్రాసు నుంచి ఢిల్లీకి నేరు దారి పడింది. అది గోదావరిని రామగుండం, మంచిర్యాల మధ్య అడ్డంగా దాటింది. ఆ తర్వాత జరిగినది అందరి కళ్లముందూ ఉంది. బెల్లంపల్లి బొగ్గు గనులు, సిర్పూరు కాగితం మిల్లుతో వెలిసిన కాగజ్‌నగర్, తర్వాతి కాలంలో రామగుండం విద్యుత్ కేంద్రం, మంచిర్యాల వ్యాపారం, అన్నీ ఆ అడ్డగీత మీదే వరసగా లేచాయి. పక్కనే, నిలువు గీత మీద, ధర్మపురి, చెన్నూరు, మహదేవపూర్, సిరొంచ దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. బొగ్గు ఉన్నచోట పట్నం లేవడంలో వింతేముందని అనొచ్చు. ఉన్న బొగ్గును తవ్వి అమ్మే వీలు కలిగింది నదిని దాటిన ఆ దారి వల్లనే. బొగ్గు పొరలు గోదావరి వెంట ఆనాడూ ఉన్నాయి, ఒడ్డున పడవలూ ఉన్నాయి. కదలిక వచ్చింది వంతెన పడ్డాకే.

ఇప్పుడు మళ్లీ నిలువు ఆలోచనలు మొదలయ్యాయి. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో గోదావరి మీద భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్లు ఉండేది. 2016 నాటి జాతీయ జలమార్గాల చట్టం దాన్ని ఎగువన నాసిక్ దాకా సాగదీసింది. వైన్‌గంగ, ప్రాణహిత కూడా మరో జలమార్గంగా జాబితాకెక్కాయి. దీనికి తోడు 2019లో ప్రారంభించిన మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల బరాజులు నదిలో ఏడాది పొడుగునా నీళ్లు నిలుపుతాయన్న ఆశ. కాటన్‌కు లేని నీళ్లు మనకున్నాయి కదా అని ఉత్సాహపడే వాళ్లున్నారు. 2023 అక్టోబరులో మేడిగడ్డ ఏడో బ్లాకు పియర్లు కుంగాక ఆ నీళ్ల నమ్మకమూ సడలింది. అది బాగుపడుతుందనే అనుకుందాం. అయినా పాత ప్రశ్న అలాగే ఉంది: కాళేశ్వరం దగ్గర ఏం ఎక్కుతుంది, ఏం దిగుతుంది? బరువైన సరుకు ఇప్పుడుందనీ, గడ్చిరోలి సూర్జాగఢ్ ఇనుప ఖనిజం నదికి దగ్గరే ఉందనీ చెప్పేవారి మాట తోసిపారేయదగింది కాదు, ఈ వైపు వచ్చిన బలమైన వాదన ఇదొక్కటే. కానీ ఆ ఖనిజాన్ని కరిగించే కార్ఖానాలు ఎగువన ఉన్నాయి, కోన్సరీలో, చంద్రాపూర్ దగ్గరి ఘుగ్గూస్‌లో. నది ఆ దిక్కుకు పారదు. ఇచ్చంపల్లి పేరు కూడా మళ్లీ వినబడుతోంది, ఈసారి గోదావరి నీళ్లను కృష్ణా, పెన్నా మీదుగా కావేరికి తీసుకుపోయే అనుసంధాన పథకంలో. నూట అరవై ఏళ్ల కింద నాగపూర్ పత్తి దాటడానికి పనికొచ్చిన చోటు ఇప్పుడు తమిళనాడు నీళ్లు బయల్దేరడానికి పనికొస్తుంది. ఒడ్డున ఉన్న మహదేవపూర్‌కు ఏం పనికొస్తుందన్న లెక్క ఈసారైనా ముందే వేయాలి.

నిజానికి గత పదేళ్లలో ఈ పట్టీ జీవితాన్ని మార్చినవి జలమార్గపు గెజిట్లు కావు, వంతెనలు. కాళేశ్వరం, సిరొంచల మధ్య గోదావరి మీద ఒకటి, ఉత్తరాన గూడెం దగ్గర ప్రాణహిత మీద అహేరి వైపు మరొకటి. పడవ మీద ప్రాణాలు పెట్టుకుని దాటిన వాళ్లు ఇప్పుడు ఆటోలో దాటుతున్నారు. అవతలి ఒడ్డున పండిన పత్తి, మిర్చి వరంగల్ మార్కెట్ వైపు చూస్తాయి, ఇవతలి ఆసుపత్రులూ దుకాణాలూ అవతలి జనం మీద ఆధారపడుతున్నాయి. పెళ్లి సంబంధాలు ఎప్పుడూ ఆగలేదనుకోండి. 1860లో తెగిన దారి కాంక్రీటు రూపంలో మళ్లీ అతుక్కుంది. కరోడ్‌గిరి నాకాలు ఎప్పుడో పోయాయి, 2017లో జీఎస్టీతో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులూ పోయాయి. మిగిలిన అడ్డు సర్కారు కొనుగోళ్లది. మద్దతు ధరకు వడ్లు కొనే కేంద్రం రైతు పేరును పట్టాదారు పుస్తకంతో సరిచూస్తుంది, పక్క రాష్ట్రం ధాన్యం రాకుండా కోతల కాలంలో సరిహద్దుల్లో కాపలా పెడతారు. రాష్ట్ర ఖజానా కోణం నుంచి అది అర్థం చేసుకోదగినదే. ఒక రాష్ట్రపు బోనస్ మరో రాష్ట్రపు ధాన్యానికి ఎందుకివ్వాలి? కానీ ఏటికి ఇటూ అటూ భూములున్న కుటుంబాలకూ, దగ్గరి మార్కెట్ ఎదురు ఒడ్డున ఉన్న రైతులకూ రెండు సర్కారులూ కూర్చుని ఉమ్మడి కొనుగోలు ఏర్పాటు చేయడం అసాధ్యం కాదు. మేడిగడ్డ కోసం 2016 ఆగస్టులో మహారాష్ట్ర, తెలంగాణ ముఖ్యమంత్రులు కూర్చుని నీటి మట్టం వంద మీటర్లని తేల్చుకోగలిగారు. నీళ్లు ఎంత ఎత్తుకు నిలవాలో తేల్చిన ఆ బల్ల మీదే, మునిగిన సిరొంచ పొలాల పరిహారమూ, వంతెన దాటే వడ్ల బండి సంగతీ ఇంకా తేలవలసి ఉన్నాయి.